ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు డిగ్రీ పుస్తకం ఇంగ్లీషులో: పేజీకి గంట పడుతుంటే ఏం చేయాలి

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. ఇంటర్ దాకా తెలుగు మీడియం, మార్కులు బాగానే వచ్చాయి, ఇప్పుడు బీఏ మొదటి సెమిస్టర్‌లో పొలిటికల్ సైన్స్ ఇంగ్లీషులో. ఒక్క పేజీకి గంట పడుతోంది, ముప్పై మాటలకు డిక్షనరీ చూస్తున్నావు, తీరా పేజీ చివరికి వచ్చేసరికి పైన ఏముందో గుర్తుండటం లేదు. ఒకరు ఇంగ్లీషు పేపర్ చదవమన్నారు, ఇంకొకరు గ్రామర్ కోర్సులో చేరమన్నారు, ఇంట్లోవాళ్లు ఇది మానేసి ఏదైనా కోచింగ్‌కు వెళ్లమంటున్నారు, మిడ్స్ ఐదు వారాల్లో ఉన్నాయి. మా అమ్మాయి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఇరవై ఆరేళ్లు ఇదే సబ్జెక్టు చెప్పాను. నేను కూడా డిగ్రీ దాకా తెలుగులోనే చదివి, ఎంఏలో మొదటిసారి ఇంగ్లీషు పుస్తకం పట్టుకున్నవాణ్ణి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాలని ప్రభుత్వం నిర్ణయించిన తర్వాత నా క్లాసులో నీలాంటి పిల్లలే ఎక్కువ. మానేయాల్సిన పనేమీ లేదు, ముందు ఆ ఆలోచన పక్కన పెట్టు.

ఒక చిన్న పరీక్ష చేసుకో. మీ లైబ్రరీలో ఏదైనా తెలుగు పుస్తకం, ఎకనామిక్సో చరిత్రో, నువ్వు ఇదివరకు చదవనిది తీసి ఒక పేజీ చదువు. పుస్తకం మూసి, ఆ పేజీ ఏం చెప్పిందో మీ అమ్మకు చెబుతున్నట్టు నాలుగు మాటల్లో చెప్పు. నా క్లాసులో ఏటా మొదటి వారం ఇది చేయించేవాణ్ణి. సగం మందికి పైగా ఆగిపోయేవాళ్లు, తెలుగులో కూడా. ఎందుకంటే ఇంటర్‌లో మనం పేజీ చదవలేదు, ప్రశ్నకు జవాబు చదివాం. గైడులో ప్రశ్న పైన ఉంటుంది, కింద ఐదు పాయింట్లు ఉంటాయి, వాటిని బట్టీ పడితే పని అయిపోతుంది. డిగ్రీ పుస్తకంలో ప్రశ్న ఎక్కడా రాసి ఉండదు, పాయింట్లు నంబర్లు వేసుకుని కూర్చోవు, వాటిని నువ్వే వెతికి తీయాలి. అంటే నీకు రెండు ఇబ్బందులు ఒకేసారి వచ్చి పడ్డాయి, భాష ఒకటి, కొత్త రకం చదువు ఇంకొకటి. రెండూ కలిసిపోయి ఉండటం వల్ల మొత్తం తప్పు ఇంగ్లీషుదే అనిపిస్తుంది.

భాష సంగతి ముందు చూద్దాం. నీ సిలబస్‌లో ఉన్న వాక్యమే తీసుకుంటాను, రాజ్యాంగం 21వ అధికరణం. "నో పర్సన్ షల్ బి డిప్రైవ్డ్ ఆఫ్ హిజ్ లైఫ్ ఆర్ పర్సనల్ లిబర్టీ ఎక్సెప్ట్ అకార్డింగ్ టు ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా." ఇందులో నీకు తెలియని మాట బహుశా ఒక్కటే, డిప్రైవ్డ్. అయినా చాలామంది దీన్ని చదివి "మనిషికి జీవించే హక్కు, స్వేచ్ఛ ఉన్నాయి" అని చెప్పి ఊరుకుంటారు. ఆ వాక్యం అంతమాత్రమే చెప్పడం లేదు.

ఇప్పుడు దాన్ని తెలుగులో పెట్టి చూడు. "చట్టం ఏర్పరచిన పద్ధతి ప్రకారం తప్ప, ఎవరి ప్రాణాన్ని గానీ వ్యక్తిగత స్వేచ్ఛను గానీ హరించకూడదు." ఏం జరిగిందో గమనించావా? ఇంగ్లీషులో మొట్టమొదట ఉన్న "నో" తెలుగులో చిట్టచివర "కూడదు" అయి కూర్చుంది. ఇంగ్లీషులో చివర తోకలా వచ్చిన "ఎక్సెప్ట్" ముక్క మొత్తం తెలుగులో ముందుకు వచ్చేసింది. మన భాషలో క్రియ చివర వస్తుంది, అసలు సంగతి అక్కడ తేలుతుంది, అందుకే చిన్నప్పటి నుంచి మన చెవి వాక్యం చివరి దాకా ఆగి వినడం నేర్చుకుంది. ఇంగ్లీషు వాడు అసలు సంగతి ముందే చెప్పేసి, షరతులూ మినహాయింపులూ వెనక తగిలిస్తాడు. నువ్వు ఎడమ నుంచి కుడికి ఒక్కో మాటకీ అర్థం రాసుకుంటూ పోతే, ముప్పై అర్థాలు చేతికొస్తాయి గానీ వాక్యం రాదు. గంట సేపు కష్టపడినా పేజీ గుర్తుండకపోవడానికి నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

కాబట్టి పొడుగు వాక్యం కనబడగానే డిక్షనరీ ముట్టుకోకు. పెన్సిల్ తీసుకుని ముందు క్రియ కింద గీత గియ్యి. ఆ పని ఎవరు చేస్తున్నారు, ఎవరికి జరుగుతోంది అని అడుగు. తర్వాత విచ్, దట్, హూ, ఎక్సెప్ట్, అన్‌లెస్, ప్రొవైడెడ్ లాంటి మాట ఎక్కడ వస్తే అక్కడ నిలువుగా ఒక గీటు పెట్టు. గీటు తర్వాత ఉన్న ముక్క దేన్ని గురించి చెబుతోందో చూసి, దాన్ని తెలుగులో ముందుకు తెచ్చుకో. మొదట్లో ఒక్కో వాక్యానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, పట్టనీ. నాకు ఎంఏ మొదటి ఏడాది దసరా దాకా ఇలాగే పట్టింది, ఆ తర్వాత గీటు పెట్టకుండానే కన్ను అక్కడ ఆగడం మొదలైంది.

ఆ ఎక్సెప్ట్ ముక్కను ఎందుకు వదలకూడదో కూడా చెబుతాను, ఎందుకంటే కాలేజీ చదువంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది. "చట్టం ఏర్పరచిన పద్ధతి" అన్నారు కదా, మరి శాసనసభ ఎలాంటి పద్ధతి పెట్టినా సరేనా? ఎంత అన్యాయమైన పద్ధతి అయినా, అది చట్టంలో రాసి ఉంటే చాలా? 1950లో ఏ.కె.గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు అలాగే చదివింది, చట్టం ఉందా, దాని ప్రకారం చేశారా, అంతవరకే చూస్తామంది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం ప్రజాప్రయోజనం పేరుతో స్వాధీనం చేయమంది, కారణాలు అడిగితే చెప్పలేదు. ఆ కేసులో 1978 జనవరిలో కోర్టు, పద్ధతి ఉంటే సరిపోదు, అది న్యాయంగా, సహేతుకంగా ఉండాలి అంది. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, చదివిన తీరు మారింది. నువ్వు ఆ వాక్యం దగ్గర ఆగి "ఏ పద్ధతైనా సరేనా?" అని అడిగి ఉంటే, ఈ రెండు కేసులూ నీకు బట్టీ పట్టాల్సిన పేర్లుగా రావు, నీ ప్రశ్నకు జవాబులుగా వస్తాయి. అలా వచ్చినవి మర్చిపోవడం కష్టం.

ఇక డిక్షనరీ. పేజీకి ముప్పై మాటలు చూడటం మానెయ్. నీ పేజీలో తెలియని మాటలు మూడు రకాలుగా ఉంటాయి. ఒకసారి కనబడి మళ్లీ కనబడనివి కొన్ని, వాటిని వదిలెయ్, సందర్భం బట్టి ఎంత తెలిస్తే అంత. రెండో రకం, ఏ సబ్జెక్టులోనైనా పదేపదే వచ్చే మాటలు. న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000 సంవత్సరంలో ఇలాంటివి 570 పదకుటుంబాలు లెక్కతీసి జాబితా చేసింది, కాలేజీ స్థాయి పుస్తకాల్లో వచ్చే మాటల్లో దాదాపు పదో వంతు అవే. ఇందాకటి వాక్యంలో ఉన్న ప్రొసీజర్, ఎస్టాబ్లిష్ రెండూ ఆ జాబితాలోవే. అనలైజ్, ఇంప్లై, డిరైవ్, ఇంటర్‌ప్రెట్, కన్‌స్టిట్యూట్ కూడా. జాబితా నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, రోజుకు ఐదు చాలు, అది కూడా కుటుంబంగా నేర్చుకో. లెజిస్లేట్ తెలిస్తే లెజిస్లేషన్, లెజిస్లేటివ్, లెజిస్లేచర్ అన్నీ నీవే.

మూడో రకమే ప్రమాదం, నీకు తెలుసనుకున్న మాటలు. స్టేట్ అంటే నువ్వు రాష్ట్రం అనుకుంటావు. పొలిటికల్ సైన్స్‌లో చాలాచోట్ల స్టేట్ అంటే రాజ్యం. ప్రాథమిక హక్కుల భాగానికి 12వ అధికరణంలో దాని నిర్వచనం ఇచ్చారు, కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు, శాసనసభలు, స్థానిక సంస్థలు కూడా అందులోకి వస్తాయి. అంటే మీ ఊరి పంచాయతీ కూడా. స్టేట్‌ను రాష్ట్రం అని చదువుకుంటూ పోయిన పిల్లవాడికి ఆ యూనిట్ మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది, ఒక్క తెలియని మాట కూడా లేకుండానే. 25వ అధికరణం "సబ్జెక్ట్ టు పబ్లిక్ ఆర్డర్, మొరాలిటీ అండ్ హెల్త్" అని మొదలవుతుంది. అక్కడ సబ్జెక్ట్ అంటే పాఠం కాదు కదా, శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని. నా విద్యార్థి ఒకడు దాన్ని "పబ్లిక్ ఆర్డర్ అనే సబ్జెక్టు" అని రాశాడు, తెలివైనవాడే, చాలా మంచి ర్యాంకుతో వచ్చినవాడు. అప్పటి నుంచి నేను క్లాసులో తెలియని మాటల కంటే తెలిసిన మాటలనే ఎక్కువ అడిగేవాణ్ణి. నువ్వు కూడా ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, బయట ఒక అర్థం, సబ్జెక్టులో ఇంకో అర్థం ఉన్న మాటలు మాత్రమే అందులో రాసుకో. సెమిస్టర్‌కు నలభై దాటవు.

ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ వాడొద్దని చెప్పను. కాకపోతే ముందు నీ తెలుగు వాక్యం రాసుకుని, ఆ తర్వాత యాప్‌లో చూసి పోల్చుకో. ముందే చూస్తే నీ మెదడుకు పనిలేదు. పైగా యాప్ చాలాసార్లు స్టేట్‌ను రాష్ట్రం అనే వేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, నీకు బలం ఇచ్చేది. 1988లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు, 64 మంది స్కూలు పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడిన పిల్లలే అయినా బేస్‌బాల్ బాగా తెలిసినవాళ్లు, చదవడంలో ముందున్నా ఆ ఆట తెలియనివాళ్ల కంటే బాగా అర్థం చేసుకున్నారు. క్రికెట్ పిచ్చి ఉన్న మీ తమ్ముడికి ఇంగ్లీషు మ్యాచ్ రిపోర్టు ఇచ్చి చూడు, గ్రామర్ రాకపోయినా మొత్తం చెప్పేస్తాడు. విషయం ముందే తెలిసి ఉంటే భాష సగం దారి ఇస్తుంది. నీకు విషయం తెలుసుకునే భాష చేతిలో ఉంది, తెలుగు. దాన్ని దాచుకోకు. తెలుగులో చదివితే ఇంగ్లీషు రాదు అని ఎవరైనా అంటే నమ్మకు.

ఏ యూనిట్ మొదలుపెట్టినా ముందు దాన్ని తెలుగులో చదువు. మీ కాలేజీ లైబ్రరీలో కింది అరల్లో పాత తెలుగు మీడియం పుస్తకాలు ఉంటాయి, తెలుగు అకాడమీవి, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీవి. 1968లో అకాడమీ పెట్టిందే కాలేజీ పుస్తకాలు తెలుగులో రావాలని. 1982లో మొదలైన అంబేడ్కర్ యూనివర్సిటీ దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ, టీచరు పక్కన లేకుండా ఇంట్లో కూర్చుని చదివేవాళ్ల కోసం రాసిన పుస్తకాలు కాబట్టి విడమరిచి ఉంటాయి. లైబ్రేరియన్‌ను అడుగు, అడిగేవాళ్లు లేక దుమ్ము పట్టి ఉంటాయి. సార్వభౌమాధికారం అంటే ఏమిటో తెలుగులో అరగంట చదివి, తర్వాత ఇంగ్లీషు పుస్తకంలో సావరెన్టీ తెరిచి చూడు, అదే పేజీ ఎంత తేలికపడుతుందో నీకే తెలుస్తుంది.

ఇంగ్లీషు వైపు కూడా ఒకేసారి పెద్ద పుస్తకం ఎక్కకు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పొలిటికల్ సైన్స్ పుస్తకాలు వాళ్ల సైట్లో ఉచితం, వాక్యాలు చిన్నవి, ఉదాహరణలు మన దేశానివి. దాని తర్వాత ఇగ్నో పాఠాలు, ఈజ్ఞానకోశ్ సైట్లో ఉంటాయి, అవీ ఉచితమే. ఆ తర్వాత మీ రిఫరెన్స్ పుస్తకం. నువ్వు ఇప్పుడు మూడో మెట్టు దగ్గర నిలబడి కాలు ఎత్తుతున్నావు, అందుకే అందడం లేదు.

పేపర్ చదవమన్నవాళ్లు తప్పు చెప్పలేదు, ఎలా చదవాలో చెప్పలేదు. సంపాదకీయంతో మొదలుపెట్టకు, అది రాసేవాడు నీకు వెనక కథంతా తెలుసనుకుని రాస్తాడు. పొద్దున తెలుగు పేపర్లో ఒక వార్త పూర్తిగా చదివి, అదే వార్త ఇంగ్లీషు పేపర్లో చదువు. ఒక్కటి చాలు. గ్రామర్ కోర్సుకు డబ్బు పెట్టాల్సిన అవసరం నాకైతే కనబడటం లేదు, నీ పుస్తకంలోని వాక్యాలే నీ గ్రామర్.

ఇప్పుడు రెండో ఇబ్బంది, గుర్తుండకపోవడం. నువ్వు మళ్లీ మళ్లీ చదువుతున్నానన్నావు. అదే అసలు పొరపాటు. 2006లో వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక చిన్న పాఠం ఇచ్చి కొందరి చేత రెండోసారి చదివించారు, కొందరి చేత పాఠం తీసేసి గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం, మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. మళ్లీ చదివినప్పుడు పేజీ పరిచయమైన ముఖంలా కనబడుతుంది, దాన్ని మనం అర్థమైందనుకుంటాం. పరీక్ష హాల్లో పేజీ ఎదురుగా ఉండదు కదా.

నేను చేయించేది ఇది. ఒక పేరా చదువు, ఒక్క పేరానే. పుస్తకం మూసెయ్. చెయ్యి పుస్తకం మీదే పెట్టుకో, తెరవాలనిపిస్తుంది, తెరవకు. ఆ పేరా ఏం చెప్పిందో గట్టిగా తెలుగులో చెప్పు, ఇంగ్లీషు మాటలు దొర్లినా పర్వాలేదు. తర్వాత తెరిచి చూడు. ఏది వదిలేశావో అది పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండు మూడు మాటల్లో రాయి. ఆ పేరా ఏం చెప్పిందో రాయడం కంటే ఏం చేసిందో రాస్తే ఇంకా మంచిది, "నిర్వచనం ఇచ్చాడు", "దానికి అభ్యంతరం", "అభ్యంతరానికి జవాబు", "ఉదాహరణ" అని. పది పేరాల పాఠానికి పది చిన్న ముక్కలు వస్తాయి. వాటిని పైనుంచి కిందికి చదివితే రచయిత వాదం ఎటునుంచి ఎటు పోయిందో కళ్లముందు ఉంటుంది. హవెవర్, నెవర్‌దిలెస్, వేరాజ్ లాంటి మాటలకు మాత్రం గుండ్రంగా సున్నా చుట్టు, అక్కడ దారి మలుపు తిరుగుతుంది. చాలామంది పిల్లలు రచయిత ఖండించడానికి చెప్పిన ఎదుటివాళ్ల వాదాన్ని రచయిత అభిప్రాయమని పరీక్షలో రాస్తారు, పేపర్లు దిద్దినప్పుడల్లా చూశాను, హవెవర్ ముందే చదవడం ఆపేసినట్టు తెలిసిపోతుంది.

ఇలా చదివితే మొదటి రెండు వారాలు రోజుకు రెండు పేజీలే అవుతాయి, టెన్షన్ పడతావు. హాస్టల్లో పక్కమంచం అమ్మాయి జిరాక్స్ నోట్స్ ఇరవై పేజీలు తిరగేస్తుంటుంది, నీకు భయమేస్తుంది. తట్టుకో. మూడో నెలకు నా పిల్లలు చాలామంది గంటకు ఐదారు పేజీల దగ్గరికి వచ్చేవాళ్లు. ఒక అమ్మాయి, కనిగిరి వైపు నుంచి వచ్చింది, వాళ్ల నాన్న పొలం పని చేసేవారు, రోజూ సాయంత్రం బస్సు కోసం గంట ఆగాల్సి వచ్చేది. ఆ గంటలో బస్టాండ్ బెంచీ మీద ఒక పేరా చదవడం, పుస్తకం మూసి పక్కనున్న స్నేహితురాలికి చెప్పడం, ఇంతే చేసింది. మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోయాయి. మూడో సెమిస్టర్‌లో నా క్లాసులో నన్ను ప్రశ్నలడిగింది ఆ అమ్మాయే, పుస్తకంలో ఒకచోట వాదం కుదరలేదని పేజీ నంబరుతో సహా చూపించింది. ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పుకున్నాను.

మిడ్స్ సంగతి. ఐదు వారాల్లో సిలబస్ మొత్తం ఈ పద్ధతిలో అవ్వదు, ఆ ఆశ పెట్టుకోకు. ఒక్క యూనిట్ ఎంచుకుని అది మాత్రం ఇలా చదువు, మిగతావి క్లాసు నోట్స్‌తో, తెలుగు పుస్తకంతో గట్టెక్కించు. జవాబు రాసేటప్పుడు చిన్న వాక్యాలు రాయి, ఒక వాక్యానికి ఒక సంగతి. మార్జిన్‌లో రాసుకున్న ఆ ముక్కల వరుసే నీ జవాబుకు వరుస.

ఈ రాత్రికి పని చెబుతాను. రాజ్యాంగంలో 19వ అధికరణం రెండో క్లాజు తియ్యి. వాక్ స్వాతంత్ర్యం మీద ప్రభుత్వం పెట్టగలిగే ఆంక్షల గురించి, మొత్తం ఒకే ఒక్క పొడుగు వాక్యం, "నథింగ్" అనే మాటతో మొదలవుతుంది. ప్రధాన క్రియలు వెతుకు, రెండు ఉంటాయి, అఫెక్ట్, ప్రివెంట్. గీట్లు పెట్టు. ఆ నథింగ్ తెలుగులో ఎక్కడికి వెళ్లి కూర్చుంటుందో చూసుకుని నీ వాక్యం రాసి ఇక్కడే కింద పెట్టు, తప్పులున్నా దిద్దకుండా పెట్టు. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.